మా పిన్ని నోరు విప్పని చోటు

మా పిన్ని పరాయి దేశంలో కాపురం పెట్టి పన్నెండేళ్ళు. అందులో మొదటి నెల రోజులు తీసేస్తే, ఆవిడ నోరు తెరిచి ఒక్క కాఫీ అడిగిన పాపాన పోలేదు. కాఫీ కావాలన్నా, టీ కావాలన్నా, ఆఖరికి మంచినీళ్ళు కావాలన్నా కౌంటరు ముందు నిలబడి చేతులు తిప్పేది, కళ్ళు తిప్పేది, అవసరమైతే నడుం కూడా తిప్పేది. మాట మాత్రం రాదు.

అది విని మా పిన్నిని మితభాషి అనుకుంటే మీరు మోసపోయినట్టే. ఆవిడ ఒక వాక్యం మొదలుపెట్టిందంటే, వినేవాళ్ళు వెళ్ళి గోళ్ళు తీసుకుని వచ్చినా క్రియాపదం ఇంకా వచ్చి ఉండదు. బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు దిగాల్సిన చోటు దాటిపోయి, చివరి స్టాపులో తేలి, వెనక్కొచ్చే బస్సులో మళ్ళీ ఆవిడ పక్కనే కూర్చున్న సందర్భాలున్నాయి. మాటల్లో పడి ఆవిడా దిగలేదు మరి.

బాబాయి లిఫ్టు మెకానిక్కు. రోజంతా బిగుసుకుపోయిన తలుపులు తెరిచి ఇంటికొస్తాడు. ఇంట్లో ఆయన నోరు తెరవాల్సిన అవసరం పడదు. ఆయన వంతు కూడా పిన్నే మాట్లాడేస్తుంది. "మీ బాబాయికి ఈ కూర నచ్చలేదుటే," అని ఆయన ఎదురుగానే నాతో చెప్పేది. ఆయన మూడోసారి వడ్డించుకుంటూ తలూపేవాడు.

నేను ఆవిడ అక్క కూతుర్ని. పిన్ని పనిచేసే కుట్టు కార్ఖానాలోనే ఆఫీసు గదిలో ఉద్యోగం దొరికితే, వెళ్ళి వాళ్ళింట్లోనే దిగాను. వెళ్ళే ముందు ఏడాదిన్నర పాటు ఆ దేశపు భాష నేర్చుకున్నాను. పరీక్ష రాసి మొదటి శ్రేణిలో ప్యాసయ్యాను. ఆ సర్టిఫికెట్టుకి ప్లాస్టిక్ కవరు తొడిగించి పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన ఘనకార్యమంతా ఆ సర్టిఫికెట్టు వల్లే జరిగింది.

మా కార్ఖానా ఒక పాత భవనంలో మూడో అంతస్తులో ఉండేది. నర్సులకీ, బస్సు డ్రైవర్లకీ, కాపలావాళ్ళకీ యూనిఫారాలు కుట్టేవాళ్ళం. ఇరవై రెండు మిషన్లు, వాటి ముందు ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. ఒక్కో మిషను దగ్గర ఒక్కో భాష. పిన్ని కాలర్లు కుట్టేది. మా కింద అచ్చాఫీసు, దాని కింద, వీధి మట్టంలో, భవనం మొత్తానికీ ఒక క్యాంటీను. క్యాంటీను కౌంటరు మీద రైలింజనులా బుసలు కొట్టే ఆవిరి మిషను, దాని వెనకాల నెరిసిన జుట్టుకి వల కట్టుకున్న ఒక పెద్దావిడ. ఆవిడకి పిన్ని పెట్టిన పేరు ఆవిరమ్మ.

ముందు ఆ మొదటి నెల సంగతి చెప్పాలి. ఆ కథలు మా వంశంలో తెలియనివాళ్ళు లేరు. పిన్ని ఫోను చేసినప్పుడల్లా ఒకటి చెప్పేది, మా అమ్మ దాన్ని నలుగురికి చెప్పేది, ఆ నలుగురూ తలో చెయ్యీ వేసి పెంచేవాళ్ళు.

మన నోట్లో ఏ మాటా హల్లు దగ్గర ఆగదు కదా. బస్సు, కప్పు, పెన్ను, ఏ దేశపు మాట గుమ్మంలోకొచ్చినా చివర ఒక ఉకారం తగిలించి గాని లోపలికి రానివ్వం. పిన్ని ఆ దేశంలో మొదటి రోజు కౌంటరు దగ్గరికెళ్ళి, వాళ్ళ భాషలో కాఫీ అనే మాటకి అలవాటు కొద్దీ ఒక ఉకారం తగిలించింది. ఆ భాషలో చివర ఉకారం వస్తే 'నీది' అని అర్థం. అంటే మా పిన్ని అడిగింది, 'అమ్మా, నీ కాఫీ ఇటు ఇవ్వు' అని. ఆవిరమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, తను సగం తాగి పక్కన పెట్టుకున్న కప్పు తెచ్చి ఎదురుగా పెట్టింది. ఇక్కడి పద్ధతి ఇదేనేమో అనుకుని పిన్ని తాగేసింది. మర్నాడూ అంతే. మూడో రోజుకి ఆవిరమ్మ తన కప్పు సగం తాగి, ఈవిడ కోసం మూత పెట్టి ఉంచడం మొదలుపెట్టింది.

ఆ ఉకారం వదిలించుకున్నాక ఇంకోటి వచ్చింది. మనకి కాఫీ వేడిగా ఉంటే చాలదు, వేడివేడిగా ఉండాలి. అదీ త్వరగా వస్తే చాలదు, త్వరత్వరగా రావాలి. పిన్ని ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు వాళ్ళ భాషలోకి దింపింది. ఆ భాషలో ఒక మాట రెండుసార్లు అంటే అవి రెండు అని లెక్క. రెండు వేడివి, రెండు త్వరగా కావలసినవి, మొత్తం నాలుగు కాఫీలు వచ్చాయి. నాలుగూ తాగి పైకెళ్ళి, ఆ పూట తొంభై కాలర్లు కుట్టింది. మేస్త్రీ ఇదేదో బాగుందని రోజూ అలాగే కుట్టమన్నాడుట.

ఇంకొక రోజు తనతో పాటు కాజాలు కుట్టే ఆవిణ్ణి మర్యాదగా క్యాంటీనుకి తీసుకెళ్ళి, కాఫీ గీఫీ ఏమైనా ఇమ్మంది. ఆవిరమ్మ కాఫీ ఇచ్చి, గీఫీ కోసం పై అరా కింది అరా వెతికి, చివరికి చేతులు ఊపుతూ వచ్చి, గీఫీ అయిపోయిందనీ సోమవారం తెప్పిస్తాననీ చెప్పింది. సోమవారం పిన్ని ఆ ఛాయలకి వెళ్ళలేదు, నిజంగా తెస్తుందేమోనని భయం.

ఇవి కాక ఇంకా చాలా ఉన్నాయి. టీ అడిగితే బఠాణీ సూపు వచ్చింది. నిమ్మరసం అడిగితే ఉడికిన గుడ్డు వచ్చింది. చల్లటి పాలు అడిగితే, ఎవరో మర్చిపోయి వెళ్ళిన గొడుగు తెచ్చి చేతికిచ్చింది. పిన్ని కాదనలేదు. ఆ గొడుగు మూడు రోజులు వానలో వాడుకుని, ఆరబెట్టి, మడిచి తిరిగిచ్చింది. "నా నాలుక అంత మందం," అని నవ్వేది.

నెల తిరిగేసరికి తనకి జ్ఞానోదయమైందని ఆవిడ చెప్పేది. ఈ నాలుకతో లాభం లేదు, దేవుడు రెండు చేతులిచ్చాడు కదా అని. అప్పటి నుంచీ చేతుల భాష.

ఆ భాషకి ఆవిడే పాణిని. కాఫీ కావాలంటే పిడికిలి తిప్పుతూ కనిపించని గింజల్ని మర పట్టేది. పాలు కావాలంటే రెండు పిడికిళ్ళూ పైకీ కిందకీ లాగుతూ కనిపించని గేదెని పితికేది. టీ అయితే రెండు వేళ్ళతో కనిపించని దారం పట్టుకుని కనిపించని సంచిని ముంచి తీసేది. వేడిగా కావాలంటే చూపుడు వేలు కాలినట్టు చటుక్కున చెవి తమ్మెకి ఆనించేది. చల్లగా అయితే భుజాలు పట్టుకుని వణికేది. చక్కెరకి చిటికె. చక్కెర వద్దంటే ఆ చిటికెని భుజం మీంచి వెనక్కి విసిరేది. నిమ్మకాయకి ఒక కన్ను మూసి మొహమంతా ముడిచేది. ఒక కప్పుని ఇద్దరికి పంచమనడానికి గాలిని కత్తెరతో కత్తిరించేది.

ఆవిరమ్మ ఇవన్నీ కళ్ళార్పకుండా చూసి, సరిగ్గా అడిగింది అడిగినట్టు ఇచ్చేది. ఒక్క చుక్క తేడా రాదు. ఇది చూసి మిగతా ఇరవై ఒక్కమందీ నేర్చుకున్నారు. తర్వాత అచ్చాఫీసువాళ్ళూ నేర్చుకున్నారు. నేను వెళ్ళేసరికి పదకొండు గంటల విరామంలో ఆ క్యాంటీను ముందు నలభై మంది వరసగా నిలబడి గేదెల్ని పితుకుతూ, వేళ్ళు కాల్చుకుంటూ, వణుకుతూ ఉండేవాళ్ళు. కొత్తగా చూసినవాళ్ళు ఏదో వైద్యం జరుగుతోందనుకునేవాళ్ళు.

ఏడాదిన్నర కష్టపడి విభక్తులు నేర్చుకున్నదాన్ని, నాకెలా ఉంటుందో మీరే చెప్పండి. మొదటి రోజే నేను కౌంటరు ముందు నిలబడి, కర్తా కర్మా క్రియా ఏ లోపమూ లేకుండా, దయచేసి అనే మాటతో సహా, పాలు కలిపిన ఒక టీ అడిగాను. బఠాణీ సూపు వచ్చింది.

పిన్ని వెనక నుంచి వచ్చి ఆ సూపు గిన్నె లాక్కుని, "నీ వ్యాకరణం మరీ నున్నగా ఉందే, ఆవిడ చెవిలో జారిపోయుంటుంది," అని తనే తాగేసింది. తర్వాత నా తరఫున సంచిని ముంచి తీసి, గేదెని పితికింది. టీ వచ్చింది. నా వెనక ఆఫీసులో నాతో కూర్చునే గుమాస్తా నిలబడి ఉన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, పిన్నికి ఆ భాష రాదా అంటే, నాకంటే బాగా వచ్చు. యాస మనదే, వేగమూ మనదే, కాని తడుముకోవడం లేదు. ఇంటి యజమాని నీళ్ళ గొట్టం బాగుచేయించనంటే మెట్ల మీద నిలబెట్టి గంటన్నర వాదించింది. ఆయన గొట్టం బాగుచేయించి, వంటగదికి రంగు కూడా వేయించాడు. ఆ రోజు నేను అడిగాను, అంత భాష వచ్చినదానివి ఒక్క కాఫీ నోటితో అడగలేవా అని.

"పోట్లాడటం వేరు, అడగటం వేరు," అంది పిన్ని. అక్కడితో ఊరుకోకుండా ఆ రెంటికీ తేడా ఏమిటో పడుకునేదాకా చెప్పింది. నాకు అర్థమైంది మాత్రం ఏమీ లేదు.

ఇలా ఉండగా క్యాంటీనుకి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ మెడలో ఒక స్టాప్‌వాచీ వేలాడేసుకుని ఒక్కో కప్పుకీ ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకునేవాడు. పిన్ని ఆయనకి టిక్‌టిక్ అని పేరు పెట్టింది. ఆయన గోడకి ఒక పెట్టె బిగించి, క్యాంటీను బాగుపడటానికి ఎవరైనా సలహాలు రాసి వేయొచ్చని ప్రకటించాడు.

నేను వేశాను. పేరు రాయకుండా, అందమైన దస్తూరీతో, ఒక్క అక్షర దోషం లేకుండా, ఈ సైగల వల్ల సంస్థ మర్యాద పోతోందనీ, నాగరికులు నోటితో అడగాలనీ రాశాను. రాసి రెండుసార్లు చదువుకుని, నా భాషకి నేనే మురిసిపోయాను కూడా.

టిక్‌టిక్ దాని కోసమే కాచుకున్నట్టున్నాడు. సోమవారం పొద్దున్నకల్లా కౌంటరు మీద బోర్డు వెలిసింది: 'ఆర్డరు నోటితో స్పష్టంగా చెప్పవలెను. సైగలు చేసినవారికి ఇవ్వబడదు.'

సోమ, మంగళవారాల్లో క్యాంటీనులో జరిగింది చెబితే నమ్మరు. కాఫీ అడిగినవాళ్ళకి పాలు, పాలు అడిగినవాళ్ళకి సూపు, సూపు అడిగిన అచ్చాఫీసు పెద్దమనిషికి మూడు ఉడికిన గుడ్లు. వచ్చిన కప్పు వచ్చినట్టే తిరిగి వెళ్ళేది. వరస వీధిలోకి పాకింది. ఆవిరమ్మ కౌంటరు మీదికి వంగి, ఒక్కొక్కరి మొహంలోకి గుచ్చి గుచ్చి చూసి, తలూపి, తప్పు తెచ్చేది. టిక్‌టిక్ పక్కన నిలబడి రాసుకుంటూనే ఉన్నాడు. మంగళవారం మధ్యాహ్నం అందరికీ వినపడేలా చెప్పాడు, ఈ మనిషికి పని మీద ధ్యాస లేదని, శుక్రవారం తను కౌంటరు దగ్గరే నిలబడి పరీక్షిస్తానని, ఆ తర్వాత ఏం చేయాలో నిర్ణయిస్తానని.

నేను ఇంటికెళ్ళి, ఆవిరమ్మకి మతిపోయినట్టుందని అన్నాను. అని ఊరుకుంటే పోయేది. ఆ సలహా వేసింది నేనేనని, కాస్త గర్వంగానే, చెప్పేశాను.

పిన్ని చేతిలో చపాతీ కర్ర ఉంది. ఆవిడ దాన్ని పక్కన పెట్టింది. నన్ను చూసింది. ఏదో అనబోయింది. అనలేదు. చపాతీలు చేసింది, వడ్డించింది, తిన్నాం, కంచాలు కడిగింది. మాట లేదు. గోడ గడియారం చప్పుడు ఆ ఇంట్లో నేను మొట్టమొదటిసారి విన్నాను. అప్పటిదాకా అది ఆగిపోయిందనుకునేదాన్ని.

చివరికి బాబాయి నోరు తెరిచాడు. "అమ్మాయ్, పన్నెండేళ్ళలో ఈ ఇంట్లో ఇదే మొదటిసారి నిశ్శబ్దం. వస్తే ఎంత బాగుంటుందో అనుకునేవాణ్ణి." గడియారం వైపు చూసి అన్నాడు, "ఏం బాగాలేదు."

అప్పుడు పిన్ని నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. శబ్దం రాకుండా పెదాలు కదిపి, ఏమన్నానో చెప్పమంది. నేను మామ అన్నాను. కాదంది. మళ్ళీ కదిపింది. ఈసారి బాబ అన్నావా అన్నాను. కాదంది.

"పాప అన్నానే. రెండుసార్లూ పాప అనే అన్నాను," అంది పిన్ని. "ఆవిడకి వినపడదే. ఆ మిషను పక్కన ఇన్నేళ్ళు నిలబడితే ఎవరికైనా అంతే. పెదాలు చూసి తెలుసుకుంటుంది. వాళ్ళ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళ పెదాలైతే ఏదో అంతో ఇంతో తెలుస్తుంది. మన పెదాలు, ఈ కార్ఖానాలో పది దేశాల పెదాలు, ఆవిడకి ఎక్కడ అందుతాయి?"

ఈ సంగతి తనెప్పుడు కనిపెట్టిందో పిన్ని చెప్పింది. చేరిన నెలలోనే, ఒక రోజు కౌంటరు వెనకాల పింగాణీ కప్పుల పళ్ళెం మొత్తం జారి కింద పడిందిట. క్యాంటీను మొత్తం ఉలిక్కిపడింది. ఆవిరమ్మ గ్లాసు తుడుచుకుంటూనే ఉంది. తలెత్తి, అందరూ ఉలిక్కిపడటం చూసి, అప్పుడు తనూ ఉలిక్కిపడిందిట.

"అందరికన్నా వెనక ఉలిక్కిపడింది చూశావా, అది చూడలేకపోయానే," అంది పిన్ని.

ఆ వారంలోనే పక్క కౌంటరులో ఉండే ఒక పెద్దాయనకి చూపు తగ్గిందని తెలిసి, నేలమాళిగలో గిన్నెలు కడిగే చోటికి పంపేశారుట. అక్కడ కిటికీ కూడా లేదు. ఆవిరమ్మకి మనుషుల మొహాలు చూడటమే లోకం. వినపడదని తెలిస్తే తననీ అక్కడికే పంపుతారని బెంగ. ఆ బెంగ ఆవిడ నోటితో చెప్పలేదు, పిన్ని అడగలేదు. మర్నాటి నుంచీ చేతులతో కాఫీ అడగడం మొదలుపెట్టింది. తనొక్కతే చేస్తే ఆవిరమ్మ సంగతి బయటపడుతుందని, నవ్వించి నవ్వించి మిగతావాళ్ళకి కూడా అంటించింది. చేసేవాళ్ళకి అది ఒక ఆట. ఎందుకో వాళ్ళకీ తెలియదు.

నాకు ఒక్కసారిగా తట్టింది. సూపూ, గుడ్డూ, గొడుగూ అవన్నీ ఆవిడకి వినపడక ఇచ్చినవేనా అన్నాను.

"ఉకారం నాదే. గీఫీ కూడా నాదే, దాన్ని ఎవరి మీదా తోయలేను," అంది పిన్ని. "మిగతావి ఆవిడవి. ఎవరో ఒకరి తప్పు కావాలి కదా. నాకైతే కథ మిగులుతుంది, ఆవిడకైతే ఆ కౌంటరు పోతుంది."

పన్నెండేళ్ళుగా మా వంశమంతా పిన్ని నాలుక మందాన్ని తలుచుకుని నవ్వుతోంది. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను.

తెల్లారగానే టిక్‌టిక్ దగ్గరికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. "ఆవిడ కప్పిపెట్టుకున్నదాన్ని విప్పడానికి మనమెవరమే. ఆవిడ చెప్పుకోవాలి, లేదా లేదు," అంది. బాబాయి, ఆవిరి మిషనుకి కరెంటు ఆపేస్తే పోలేదా అన్నాడు. ఒకే పూట రెండుసార్లు మాట్లాడినందుకు ఆయనకి ఆయాసం వచ్చింది.

నాకు నిద్ర పట్టలేదు. బోర్డు మీది రెండు వాక్యాలూ కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నాయి. పొద్దున పళ్ళు తోముకుంటూ ఉండగా వ్యాకరణం నన్ను మొదటిసారి ఆదుకుంది. నోటితో చెప్పవలెను అని ఉంది. స్పష్టంగా చెప్పవలెను అని ఉంది. ఏ భాషలో చెప్పవలెనో లేదు. చేతులు కట్టుకుని చెప్పవలెను అని అసలే లేదు.

నురుగు నోటితోనే వెళ్ళి పిన్నికి చెప్పాను. ఆవిడ నా మొహం తుడిచి, "చదువుకున్నదాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందని మీ బాబాయి అంటూనే ఉన్నాడు," అంది. ఆయన ఎప్పుడూ అనలేదు. తలూపాడు.

బుధ గురువారాలు ఇరవై రెండు మిషన్ల దగ్గరా ఒకటే గుసగుస. పిన్ని ఎవరికీ ఆవిరమ్మ సంగతి చెప్పలేదు. ఈ బోర్డు మన మాతృభాషలకి అవమానమని మాత్రం చెప్పింది. అంతే, కాజాలావిడ కళ్ళలో నిప్పులు రేగాయి.

శుక్రవారం పదకొండు గంటలకి టిక్‌టిక్ కౌంటరు పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాడు. ఆవిరమ్మ మొహం తెల్లబడి ఉంది. వరసలో మొదట పిన్ని. ఆవిడ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, గొంతు సవరించుకుని, నోటితో, స్పష్టంగా, తెలుగులో మొదలుపెట్టింది. "మా ఆయన మొన్న నాలుగు మాటలు మాట్లాడాడంటే నమ్ముతావా తల్లీ, నేను ఇంకా తేరుకోలేదు. ఆపైన ఈ పిల్ల, సర్టిఫికెట్టు ఉందని నేను ఊరుకుంటున్నాను గాని..." ఆ మాటలతో పాటు ఆవిడ చేతులు గింజల్ని మర పట్టాయి, గేదెని పితికాయి, వేలు చెవి తమ్మెని తాకింది, చిటికె భుజం మీంచి వెనక్కి ఎగిరింది. మాట్లాడేటప్పుడు చేతులాడటం మనుషులన్నాక సహజమే కదా.

ఆవిరమ్మ కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. పాలెక్కువ, చక్కెర లేకుండా, పొగలు కక్కే కాఫీ పదిహేను సెకన్లలో వచ్చింది. పిన్ని తాగి, లొట్ట వేసింది.

తర్వాత కాజాలావిడ తన భాషలో. తర్వాత జేబులు కుట్టే ఆవిడ ఇంకో భాషలో. ఆవిడ భాషలో అన్నీ దగ్గుల్లాంటి అక్షరాలు. బొత్తాలావిడ తన భాషలో దాదాపు పాడింది. ఒక్కొక్కరికీ అడిగింది అడిగినట్టు వస్తోంది. టిక్‌టిక్ మొదట బోర్డు చూసుకున్నాడు, తర్వాత ఆవిరమ్మని చూశాడు, తర్వాత వాచీ నొక్కడం మర్చిపోయాడు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఆవిరమ్మకి అన్నీ అర్థమవుతున్నాయి.

నా వంతు వచ్చింది. తీరా నిలబడ్డాక తెలుగులో ఏం చెప్పాలో ఒక్క మాట తోచలేదు. నోటికొచ్చింది రెండో ఎక్కం. "రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు," అని స్పష్టంగా చెబుతూ చేతులు తిప్పాను. నేను అడిగింది వేడి టీ. కాని ఎప్పుడూ చేసిన చెయ్యి కాదు, పైగా భయానికి భుజాలు వణికాయి. ఆవిరమ్మ నన్ను జాలిగా చూసి చల్లటి పాలు తెచ్చిపెట్టింది.

టిక్‌టిక్ ముందుకు వంగి, మీరడిగింది ఇదేనా అని అడిగాడు.

"సరిగ్గా ఇదే," అన్నాను. చలికాలం, పొద్దున్నుంచీ గొంతు నొప్పి. ఆ గ్లాసు మొత్తం తాగాను.

ఆయన నన్ను పక్కకి పిలిచి, ఈవిడకి ఎన్ని భాషలొచ్చు అని గుసగుసగా అడిగాడు. నేను లెక్కపెట్టలేదనీ, తెలుగు మాత్రం మా ఇంట్లోవాళ్ళకన్నా బాగా అర్థం చేసుకుంటుందనీ చెప్పాను. అందులో అబద్ధం లేదు. మరి మంగళవారం అన్ని తప్పులెందుకు చేసిందంటే, మా అందరికీ మీ భాష సరిగ్గా రాదండీ, తప్పు మాదే అన్నాను. మొదటి శ్రేణిలో ప్యాసైనదాన్ని, ఆ మాట అంటూంటే నోరు కొంచెం చేదుగానే అనిపించింది.

టిక్‌టిక్ పై ఆఫీసుకి పెద్ద నివేదిక రాశాడు. పది భాషలు తెలిసిన ఉద్యోగిని ఇన్నేళ్ళుగా ఎవరూ గుర్తించలేదనీ, తనే గుర్తించాననీ. పై ఆఫీసువాళ్ళు ఆవిరమ్మకి జీతం పెంచి, 'ఏ భాషలోనైనా అడగవచ్చు' అని రాసి ఉన్న ఇత్తడి బిళ్ళ ఒకటి పంపారు. పాత బోర్డు తీసేశారు. వేరే భవనాల వాళ్ళు కూడా ఈ వింత చూడటానికి వచ్చి, ఎవరి భాషలో వాళ్ళు, ఎవరి చేతులతో వాళ్ళు అడిగి తాగి వెళ్ళేవాళ్ళు.

ఆ పేరొచ్చాక ఆవిరమ్మకి ధైర్యం వచ్చినట్టుంది. ఇంత ఘనత వచ్చిన మనిషిని గిన్నెల దగ్గరికి ఎవరు పంపుతారు? ఒక సెలవు రోజున డాక్టరు దగ్గరికెళ్ళి, చెవిలో పెట్టుకునే చిన్న మిషను తెచ్చుకుంది. జుట్టు వల కింద అది ఎవరికీ కనపడదు. పిన్నికి మాత్రం తనే వల ఎత్తి చూపించింది. వాళ్ళిద్దరి మధ్య ఆ విషయంలో జరిగిన సంభాషణ అంతా అంతే.

ఆ రోజు పిన్ని ఆనందానికి అంతు లేదు. పన్నెండేళ్ళ బాకీ తీర్చుకోవాలన్నట్టు కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఆ దేశపు భాషలో, వాళ్ళ ఇంటి యజమాని గొట్టం దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఆవిరమ్మ మొదట కళ్ళనీళ్ళు పెట్టుకుని వింది. తర్వాత నవ్వుతూ వింది. తర్వాత తలూపుతూ వింది. పావుగంటయ్యాక మెల్లగా చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, మిషను తీసి ఏప్రాన్ జేబులో వేసుకుని, మునుపటిలా హాయిగా పిన్ని మొహంలోకి చూస్తూ కూర్చుంది.

పిన్ని గమనించలేదు. ఆవిరమ్మ మిషను కొనుక్కున్నదే తన మాటలు వినడానికని ఇప్పటికీ అందరికీ ఫోను చేసి చెబుతోంది. నేను కాదనలేదు.